నడిసంద్రంలో చెంబెడు నీళ్ళు

మా ఊరి పేరులోనే సముద్రం ఉంది. అనుమసముద్రంపేట. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఆత్మకూరుకు దగ్గర. దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి ఎక్కడెక్కడినుంచో జనం వస్తుంటారు గానీ, వాళ్ళెవరికీ ఇక్కడ అల కనిపించదు, హోరు వినిపించదు. అసలు సముద్రం చూడాలంటే నెల్లూరు దాటి మైపాడు దాకా పోవాలి. మా వైపు సముద్రమన్నా సాగరమన్నా చెరువే. పక్కనే అనంతసాగరం ఉంది. వెలిగొండల అవతల పోరుమామిళ్ళ చెరువుకు 1369 నాటి శాసనంలో ఉన్న పేరు అనంతరాజసాగరం. నాలుగు వానలు పడి, చెరువు నిండి, కలుజు మీదుగా నీళ్ళు దూకుతుంటే మెట్టవాడి కంటికి అంతకన్నా పెద్ద సముద్రం లేదు. ఆ నీటిని తూము దగ్గర కొలిచి, వంతులు వేసుకుని, రాత్రుళ్ళు కాపలా కాసి వాడుకున్నవాళ్ళు మా పెద్దలు.

తెరచాప పడవలో మహాసముద్రాలు దాటినవాళ్ళ రోజువారీ బతుకు గురించి చదువుతుంటే నాకు పదేపదే ఆ తూమే గుర్తొచ్చింది. ఒడ్డున కూర్చున్న మనకు వాళ్ళ పేరు చెప్పగానే తుఫాను మెదులుతుంది. తుఫాను ఎప్పుడో వస్తుంది, పోతుంది. మిగతా రోజులన్నీ లెక్కతోనే గడుస్తాయి. నీటి లెక్క, నిద్ర లెక్క, గాలి లెక్క. చుట్టూ కనుచూపు మేర నీళ్ళే ఉన్నా చెంబెడు నీళ్ళు ఒలికితే గుండె కలుక్కుమనే బతుకు అది. మెట్ట ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఆ బతుకు ఇట్టే అర్థమవుతుంది.

ఆ పడవ పేరు ఐఎన్‌ఎస్‌వి తారిణి. మన నౌకాదళానిది. గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డ్‌లో తయారై, 2017 ఫిబ్రవరిలో నౌకాదళంలో చేరింది. పొడవు 17 మీటర్లు, అంటే ఆర్టీసీ బస్సుకు ఒకటిన్నర రెట్లు. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు ఆడపిల్లలు ఆ పడవ మీద గోవానుంచి బయలుదేరి, భూమి చుట్టూ తిరిగి, 2018 మే 21న మళ్ళీ గోవాకే చేరారు. నాయకురాలు లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి. తక్కినవారు ప్రతిభా జమ్వాల్, పి. స్వాతి, విజయాదేవి, బొడ్డపాటి ఐశ్వర్య, పాయల్ గుప్తా. వీరిలో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాదు. ఆరుగురిలో ఇద్దరు తెలుగువాళ్ళు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో పిల్లలు చదువుకోవాలని నా కోరిక.

మొత్తం ప్రయాణం 254 రోజులు. అందులో నీళ్ళ మీద గడిపినవి 199. మధ్యలో ఆగినవి ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లో లిటిల్టన్, ఫాక్‌లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్, చివరికి మారిషస్‌లో పోర్ట్ లూయీ. నడిచిన దూరం 21,600 నాటికల్ మైళ్ళు.

ఈ 21,600 అనే అంకె దగ్గర కాసేపు ఆగాలి. వృత్తానికి 360 భాగలు, భాగకు 60 కళలు. గుణిస్తే 21,600. భూమి చుట్టుకొలతను అన్ని ముక్కలు చేస్తే వచ్చే ఒక్క ముక్కే నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. మన జ్యోతిశ్శాస్త్రంలో నాలుగు సెకన్ల కాలానికి ‘ప్రాణం’ అని పేరు. నెమ్మదిగా తీసి వదిలే ఒక ఊపిరి అన్నమాట. రోజుకు 21,600 ఊపిరులని పెద్దలు చెప్పే లెక్క ఇదే. ఒక ప్రాణకాలంలో భూమి ఒక కళ తిరుగుతుందని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో చెప్పాడు. మనం ఒక్కసారి ఊపిరి తీసి వదిలేలోగా భూమధ్యరేఖ మీది నేల ఒక నాటికల్ మైలు జరిగిపోతుంది. తారిణి అంతే దూరం పోవడానికి సగటున 13 నిమిషాలు పట్టింది. రోజంతా, రాత్రంతా ఆగకుండా సాగితే 200 కిలోమీటర్లు. నెల్లూరునుంచి చెన్నై పోయే దూరానికి కాస్త ఎక్కువ. గంటకు ఎనిమిది కిలోమీటర్లంటే సైకిలు మీద తీరిగ్గా పోయే మనిషికన్నా నిదానం. ఈ నిదానంలోనే పడవ మీది దినచర్య అంతా పుట్టింది.

పడవ ఆగదు కాబట్టి అందరూ ఒకేసారి పడుకోవడానికి వీల్లేదు. ఒకరు చుక్కాని దగ్గర, ఒకరు తెరచాపల మీద కన్నేసి ఉండాలి. ఆరుగురున్న పడవలో సాధారణంగా ఇద్దరేసి చొప్పున మూడు జట్లుగా నాలుగేసి గంటల వంతులు వేసుకుంటారు. నావికులు దీన్ని ‘వాచ్’ అంటారు. మన పాత లెక్కలో నాలుగు గంటలంటే పది గడియలు. పది గడియలు మేలుకుంటే ఇరవై గడియలు తీరిక. వినడానికి సుఖంగానే ఉంటుంది. కానీ ఆ తీరికలోనే వండాలి, తినాలి, తడిబట్టలు మార్చుకోవాలి, తెగిన తాడు ముడివేయాలి, వాతావరణ సమాచారం చూసుకోవాలి. గాలి మళ్ళిందని పైనుంచి కేక వినిపిస్తే సగం నిద్రలో లేచి పరుగెత్తాలి. చివరికి మిగిలేది రెండు మూడు గంటల కునుకు.

నాలుగు గంటల వంతులే అయితే రోజుకు ఆరు వస్తాయి. మూడు జట్లకు ఆరు వంతులంటే తెల్లవారుజాము వంతు ఎప్పుడూ ఒకే జట్టు మెడకు చుట్టుకుంటుంది. దీనికి పాతకాలం నావికులే ఉపాయం కనిపెట్టారు. సాయంకాలం నాలుగు గంటల వంతును రెండేసి గంటల చొప్పున రెండు చేశారు. అప్పుడు వంతులు ఏడవుతాయి. ఏడును మూడు భాగించదు, అందుకని వంతులు రోజుకొక మెట్టు జరుగుతూ పోతాయి, కష్టం అందరికీ సమంగా అందుతుంది. చెరువు కింద మడి ఉన్న ఏ రైతు ఇంట్లో అడిగినా రాత్రి వంతును ఎవరి నెత్తిన రుద్దాలన్న తగువు ఎంత పాతదో చెబుతారు.

తెల్లవారుజాము వంతు ఎందుకంత కష్టం? మన ఒంట్లో ఒక గడియారం ఉంది. వేకువ మూడింటినుంచి అయిదింటి మధ్య ఒంటి వేడి అన్నిటికన్నా తగ్గుతుంది, చురుకుదనం అడుగంటుతుంది. ఎంత బలవంతుడైనా ఆ వేళ కళ్ళు మూతలు పడతాయి. మడికి నీళ్ళు కట్టడానికి పోయిన మనిషి గట్టు మీద కూర్చుని తూగేది కూడా ఆ వేళే. గట్టు మీద తూగితే పక్కవాడి మడికి నీళ్ళు పోతాయి. పడవ మీద తూగితే గాలి చాపకు వెనకవైపునుంచి కొట్టి కొయ్యే విరగవచ్చు. అందుకే ఇద్దరు ఉంటారు. ఒకరినొకరు మాటల్లో పెట్టుకుంటారు.

ఇక నీళ్ళు.

ఈ ప్రయాణంలో చాలా రోజులు తీరం కనపడని ఘట్టాల్లో ఒకటి లిటిల్టన్‌నుంచి పోర్ట్ స్టాన్లీ దాకా. నలభై రోజుల పైచిలుకు. తాగడానికీ వంటకూ కలిపి మనిషికి రోజుకు మూడు లీటర్లు అనుకున్నా, ఆరుగురికి నలభై రోజులకు 720 లీటర్లు కావాలి. మన ఊళ్ళలో ఇంటింటికీ వచ్చే ఇరవై లీటర్ల క్యాన్లు ముప్పై ఆరు. స్నానం, బట్టలు, గిన్నెలు ఈ లెక్కలో లేవు.

సముద్రపు నీళ్ళు ఎందుకు తాగకూడదో తెలియాలంటే మాగాయ పెట్టే జాడీలోకి తొంగి చూస్తే చాలు. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి మూత పెడితే మూడోనాటికి ముక్కలు ముడుచుకుపోయి, అడుగున ఊట నిలుస్తుంది. ఆ ఊట ఎవరూ పోసిన నీరు కాదు. ముక్కలో దాగిన నీటిని బయటి ఉప్పు లాగేసింది. పలచటి వైపునుంచి చిక్కటి వైపుకు పొర గుండా నీరు నడవడమే దీని రహస్యం. దీన్నే శాస్త్రంలో ద్రవాభిసరణ అంటారు. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి, మన నెత్తురులో అందులో నాలుగో వంతు. ఆ నీళ్ళు తాగితే ఆ ఉప్పును మూత్రపిండాలు బయటికి పంపాలి. అవి అంత చిక్కటి మూత్రాన్ని తయారు చేయలేవు. లీటరు తాగిన ఉప్పును కడగడానికి లీటరున్నరకు పైగా నీరు ఒంట్లోంచి ఖర్చవుతుంది. తాగిన కొద్దీ దాహం పెరుగుతుంది. మనిషి జాడీలో మామిడి ముక్క అవుతాడు.

ఊటను వెనక్కి నడిపించలేమా? నడిపించవచ్చు. చిక్కటి వైపునుంచి బలంగా ఒత్తిడి పెడితే ఉప్పు పొర దగ్గరే ఆగిపోయి మంచినీరు ఇవతలికి వస్తుంది. రివర్స్ ఆస్మాసిస్ అంటే ఇదే. మనం ఆర్‌ఓ ప్లాంటు అంటున్నది దీన్నే. ఉదయగిరి వైపు మెట్ట గ్రామాల్లో బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉంటుంది. దాన్ని వడకట్టి క్యాన్లలో నింపే యంత్రమూ, నడిసంద్రంలో పడవలో ఉండే యంత్రమూ అన్నదమ్ములు. తేడా ఒత్తిడిలోనే. బోరు నీటిలో కరిగిన లవణాలు కొద్ది కాబట్టి కొద్దిపాటి ఒత్తిడితో పని జరుగుతుంది. సముద్రపు నీటిని ఎదిరించాలంటే వాతావరణ పీడనానికి యాభై అరవై రెట్ల ఒత్తిడి కావాలి, లారీ టైరులో ఉండే గాలి ఒత్తిడికి దాదాపు ఏడు రెట్లు. ఆ ఒత్తిడి పుట్టించడానికి కరెంటు కావాలి, కరెంటుకు డీజిలో సూర్యుడో కావాలి. ఏది ఆగినా నీళ్ళు ఆగుతాయి. అందుకే యంత్రం ఉన్నా నావికులు వాన మీద ఆశ వదలరు. జల్లు పడగానే చాప మడతలోంచి జారే నీటిని బకెట్లలో పడతారు. మొదటి నాలుగు బకెట్లు పారబోయాలి, ఎందుకంటే అవి చాపకు పట్టిన ఉప్పును కడిగిన నీళ్ళు. తొలి వానకు ఇంటి కప్పు మీది నీటిని వదిలేసి, మలి వాన నీటిని పట్టుకునే ఇళ్ళలో ఈ జాగ్రత్త ఎవరికీ నేర్పక్కర్లేదు.

స్నానం ఉప్పునీళ్ళతోనే. సబ్బు నురగ రాదు. నీటిలో కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టులా తేలతాయి. మా ఊరి బోరు నీళ్ళలో బట్టలుతికిన ప్రతి ఇల్లాలికీ ఆ తెట్టు తెలుసు. షాంపూ, బట్టల పొడి రకం పదార్థాలైతే ఉప్పునీటిలోనూ నురగ ఇస్తాయి. చివరికి ఒక్క మగ్గు మంచినీళ్ళతో ఒళ్ళు తొలుచుకుంటారు. ఆ ఒక్క మగ్గు ఎందుకంటే, ఒంటి మీద, బట్టల మీద ఎండిన సముద్రపు ఉప్పు ఊరుకోదు. అందులో మెగ్నీషియం క్లోరైడ్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. ఇసకపల్లి కొటార్లనుంచి వచ్చిన రాళ్ళ ఉప్పు వానాకాలంలో బానలో చెమ్మగిల్లి నీరు కారుతుంది చూడండి, అదే పని పడవ మీద దుప్పటి చేస్తుంది. మధ్యాహ్నం ఎండలో పెళపెళలాడిన చొక్కా రాత్రికి మళ్ళీ తడి. ఉప్పు అంటిన బట్ట పూర్తిగా ఆరదు. ఆ చెమ్మలో చర్మం పుండ్లు పడుతుంది. నెలల తరబడి సముద్రం మీద ఉన్నవాళ్ళు పొడి బట్ట గురించి అంత ఆశగా మాట్లాడటానికి కారణం ఇదే.

వంటింటి సంగతి. పడవ ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, ఒరిగి ఊగుతుంటుంది. పొయ్యిని రెండు పక్కలా ఇరుసుల మీద వేలాడదీసి, అడుగున బరువు పెడతారు. పడవ ఎటు వాలినా పొయ్యి ఉయ్యాలలా తిరిగి సమంగా నిలుస్తుంది. వండే మనిషికి మాత్రం ఆ సౌకర్యం లేదు, నడుముకు పట్టీ కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడాలి. మూత బిగుసుకునే ప్రెషర్ కుక్కర్ ఇక్కడ ప్రాణరక్షణ సాధనం, తిరగబడినా వేడి పప్పు కాళ్ళ మీద పడదు. ఉల్లి, ఆలుగడ్డ కొన్ని వారాలు నిలుస్తాయి. ఆకుకూర మొదటి వారంతో సరి. పచ్చడి మాత్రం ఎన్నాళ్ళయినా చెడదు, జాడీలో ఉప్పు ముక్కలోని నీటిని లాగినట్టే బూజులోని నీటినీ లాగేస్తుంది కాబట్టి.

పచ్చి కూరగాయలు లేని నెలల్లో ఒకప్పుడు నావికులు చిగుళ్ళు కుళ్ళి, పాత గాయాలు మళ్ళీ విచ్చుకుని చచ్చిపోయేవారు. నిమ్మ, నారింజ ఇస్తే ఆ జబ్బు నయమవుతుందని జేమ్స్ లిండ్ 1747లో సాలిస్‌బరీ అనే ఓడ మీద రోగులను జంటలుగా విడదీసి పరీక్షించి చూపాడు. ఆ ప్రాణదాత సి విటమిన్ అని చాలాకాలం తరవాత తేలింది. ఎండు పెసల్లో అది లేనట్టే. తడిగుడ్డలో కడితే రెండు మూడు రోజుల్లో మొలకతో పాటు పుడుతుంది. గుప్పెడు పెసలు, కాసిని మంచినీళ్ళు చాలు.

ఇదంతా తినగలిగినప్పటి మాట. మొదటి రెండు మూడు రోజులు చాలామందికి ముద్ద దిగదు. లోచెవిలో ఉన్న ద్రవం ‘ఊగుతున్నాం’ అంటుంది, గది గోడల్ని చూస్తున్న కన్ను ‘కదలడం లేదు’ అంటుంది. రెండు సాక్ష్యాలూ కలవక మెదడు కంగారు పడి కడుపు మీద విరుచుకుపడుతుంది. ఘాట్ రోడ్డులో బస్సులో వెనక సీటు వాళ్ళు వాంతి చేసుకుంటారు, డ్రైవరు చేసుకోడు. మలుపు ఎటు వస్తుందో అతని ఒంటికి ముందే తెలుసు. పడవలో కూడా చుక్కాని పట్టుకున్నవాళ్ళకు వికారం తక్కువ. కొత్తవాళ్ళను పైకి తెచ్చి చుక్కాని చేతికివ్వడం, దిక్చక్రం వైపు చూడమనడం పాత వైద్యం, మంచి వైద్యం.

గాలి గురించి ఒక్క లెక్క చెప్పి ముందుకు పోతాను. గాలి వేగం రెండింతలైతే చాప మీద దాని తోపు నాలుగింతలవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలిలో హాయిగా సాగే పడవ మీద 110 కిలోమీటర్ల గాలి వీస్తే తోపు ముప్పై రెట్లు. దక్షిణ మహాసముద్రంలో తారిణి అంతకు తక్కువ కాని గాలులనే ఎదుర్కొంది, రెండంతస్తుల మేడంత అలల మధ్య. అందుకే చాప కురచ చేయాలా అన్న అనుమానం వచ్చిందంటే అప్పటికే చేసి ఉండాల్సింది అని నావికులు చెప్పుకుంటారు. చీకట్లో, చలికి మొద్దుబారిన వేళ్ళతో, నడుముకు తాడు కట్టుకుని, ఒరిగిన పడవ కప్పు మీద పాకుతూ ఆ పని చేయాలి. ఆ పని మన ఆడపిల్లలు చేశారు. 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్‌ను చుట్టి వచ్చారు.

అక్కడికి పోయే దారిలోనే కాలం లెక్క కూడా మారింది. వాళ్ళు తూర్పుకు పోతున్నారు, అంటే రోజూ సూర్యుడికి ఎదురు వెళుతున్నారు. ఎదురు వెళ్ళినవాళ్ళకు పొద్దు ముందే పొడుస్తుంది. లిటిల్టన్‌కూ పోర్ట్ స్టాన్లీకీ మధ్య దాదాపు 129 భాగల రేఖాంశాల తేడా ఉంది. భాగకు నాలుగు నిమిషాల చొప్పున ఎనిమిదిన్నర గంటలు. నలభై రోజులకు పంచితే రోజుకు పన్నెండు నిమిషాల పైచిలుకు, అంటే అర గడియ. పడవ మీది రోజుకు అరవై గడియలు లేవు, యాభై తొమ్మిదిన్నరే. ఏ వంతులోంచి ఆ అర గడియ తగ్గించాలి? ఎవరి నిద్రలోంచి? దూరం పోయే పడవల్లో నిజంగా ఎదురయ్యే ప్రశ్న ఇది. అలా రోజూ పోగొట్టుకున్న అర గడియలన్నీ తిరిగి ఒక్కసారిగా చేతికి వస్తాయి. దినరేఖ దాటినప్పుడు నిన్నటి తేదీయే మళ్ళీ ఒకసారి గడపాలి.

2018 ఏప్రిల్‌లో, గోవాకు తిరిగి వస్తూ హిందూ మహాసముద్రంలో చుక్కాని యంత్రం చెడిపోయి, అనుకోకుండా పోర్ట్ లూయీలో ఆగాల్సి వచ్చింది. ఆ రేవు గురించి చదివినప్పుడు నా మనసు ఆగలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో కాకినాడ దగ్గరి కోరంగినుంచి తెరచాప ఓడల్లో మన కూలీలు చేరింది ఆ రేవుకే. మారిషస్‌లో తెలుగువాళ్ళకు కోరంగీలని పేరు వచ్చింది అందుకే. వాళ్ళు దిగి మెట్లెక్కిన ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. నేటికీ ఆ దేశంలో ఉగాది సెలవురోజు. వాళ్ళ ఓడలో నీరు చెక్క పీపాల్లో ఉండేది, కొలిచి పోసేవాళ్ళు వేరే ఉండేవారు. రోజుకు ఎన్ని చెంబులో, బిడ్డకు ఎంతో, తల్లికి ఎంతో ఆ తల్లులు లెక్క రాసిపెట్టలేదు. అదే నీటి మీదుగా వచ్చి అదే రేవులో స్వాతి, ఐశ్వర్య దిగారు. వాళ్ళ చేతిలో పడవ పగ్గాలున్నాయి.

మారిషస్ ఇరవై భాగల దక్షిణాన ఉంది. అక్కడినుంచి గోవాకు ఉత్తరంగా రావాలి. భూమధ్యరేఖకు కింద ధ్రువనక్షత్రం కనిపించదు. రేఖ దాటినాక దిక్చక్రం అంచున, మబ్బులోనో పొగమంచులోనో మసకగా మొదలై, పడవ ఉత్తరానికి ఒక్కో భాగ జరిగే కొద్దీ అదీ ఒక్కో భాగ లేస్తుంది. ఎన్ని భాగల ఎత్తున కనిపిస్తే మనం ఉన్న అక్షాంశం దాదాపు అంత. గోవా దగ్గర అది పదిహేను భాగలు. మా అనుమసముద్రంపేట కూడా ఇంచుమించు అదే అక్షాంశం మీద ఉంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే పిడికిలి వెడల్పు పది భాగలు. మబ్బులేని రాత్రి చెరువు కట్ట ఎక్కి, ఉత్తరం వైపు తిరిగి, నేల అంచునుంచి ఒకటిన్నర పిడికిళ్ళు కొలిచి చూడండి. పెద్దగా మెరవదు, చుట్టుపక్కల దీపాలుంటే వెతుక్కోవాలి. గోవా తీరం చేరుతున్న రాత్రి తారిణి మీద వంతు కాస్తున్నవాళ్ళకు ఆ చుక్క ఉండాల్సిన ఎత్తు కూడా అంతే, ఒకటిన్నర పిడికిళ్ళు.